రిబ్కమ్మ చేతి పప్పు

సారపప్పు గుండుగా ఉంటే ఒక ధర, ముక్కయితే ఒక ధర. ముక్క ధర గుండు ధరలో సగం కూడా ఉండదు. ఖానాపూర్‌లో ముత్యం సేటు కొట్టుకు పప్పు తెచ్చే ఆడవాళ్లలో కొత్తవాళ్లు ఎవరైనా ఉంటే ఈ మాట మీద తగువు పడతారు. నోట్లో వేసుకుంటే రెండింటి రుచీ ఒకటే కదా అంటారు. ముత్యం సేటు ఎదురు మాట్లాడడు. ఒక ముక్కను తీసి కాగితం మీద పెట్టి వేలితో నొక్కుతాడు. కాగితానికి నూనె మరక అంటుతుంది. గుండును పెట్టి నొక్కుతాడు. మరక అంటదు.

"పప్పు మీద సన్నటి తోలుంటది. గది తెగనంతసేపు నూనె లోపల్నే ఉంటది. తెగిందా, నాలుగు దినాలల్ల ముక్కిన వాసనొస్తది. నా దగ్గర కొన్నోడు ఏడాది దాసుకుంటడు," అంటాడు. "ఇగ రెండోది. మొర్రిగింజ పెంకు రాయి తీరుగ ఉంటది. దాన్ని పగలగొట్టాలె, లోపలిది పగలొద్దు. గది అందరితోని అయితదా? గుండుకు పైసలిచ్చుడంటే పప్పుకు ఇచ్చుడు గాదవ్వా, చేతికి ఇచ్చుడు."

చేతి మాట వచ్చినప్పుడు ఆయన రిబ్కమ్మ పేరు చెప్పేవాడు. రిబ్కమ్మ పప్పును మిగతా వాళ్ల పప్పులో కలపకుండా వేరే డబ్బాలో పోసుకునేవాడు. నిర్మల్ నుంచి వచ్చే మిఠాయి వాళ్లు ఆ డబ్బా చూసి అడిగేవాళ్లు.

రిబ్కమ్మ ఊరు ఖానాపూర్‌కు అవతల, అడవి మొదలయ్యే చోట. ఎండాకాలంలో గోండులు, నాయకపోళ్లు మొర్రిపండ్లు ఏరి, కడిగి, గింజలు ఎండబోసి అంగడికి తెస్తారు. ఆమె ఆ గింజలను బస్తాల్లో కొని ఇంట్లో పెట్టుకుని వానాకాలమంతా ఇసుర్రాయి మీద ఆడిస్తుంది. ముందురోజు గింజలకు నీళ్లు చల్లి ఆరనిస్తుంది. ఇసుర్రాయి నడిమి మేకుకు గుడ్డపేలిక చుట్టి, మీది రాయిని గింజ మందం లేపుతుంది. అక్కడి నుంచి పనంతా చేతిది. కొయ్య పట్టుకున్న చేయి కిందికి అదిమితే పప్పు నలుగుతుంది. అదమకపోతే పెంకు పగలదు. ఎంత అదమాలో రిబ్కమ్మ ఎవరికీ చెప్పలేకపోయేది. నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ల చేతి మీద తన చేయి పెట్టి తిప్పి చూపించేది.

ఆమె పెనిమిటి ఏలియాకు రెండెకరాల మక్కచేను ఉంది. మెథడిస్టు చర్చిలో సంఘపెద్ద. ఆదివారం కానుకల పళ్లెం పట్టేది అతనే. పప్పు పనిలో అతని వంతు సంచిని బండి మీద పెట్టుకుని ఖానాపూర్ చేర్చడం వరకే. కూతురు స్తుతిని పెద్దపల్లిలో ఇచ్చారు.

జూన్‌లో, మక్కలు పెట్టే రోజుల్లో, రిబ్కమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ పడిపోయింది. ఏలియా చేను నుంచి వచ్చేసరికి గిన్నెల మధ్య పడి ఉంది. కుడి పక్క చచ్చుబడింది. నిర్మల్ ఆసుపత్రిలో ఉంచారు. మాట ముందు వచ్చింది. తర్వాత కాలు వచ్చింది. చేయి ఆఖరుకు కదిలింది గాని, గ్లాసు పట్టుకుంటే నీళ్లు చిందేవి. స్తుతి వచ్చి నెలరోజులుండి వెళ్లిపోయింది. చేతికి అలవాటైన పని ఏదో ఒకటి చేయిస్తుండమని ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ చెప్పాడు.

అందుకే ఆగస్టులో ఒక పొద్దున ఏలియా ఇసుర్రాయి చుట్టూ బట్ట పరిచి, గింజల గంప పక్కన పెట్టి, భార్యను తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆమె ఎడమ చేత్తో గింజలు పోస్తూ కుడి చేత్తో కొయ్య తిప్పింది. ఆగి ఆగి తిప్పింది. చాట రెండు చేతులతో పట్టుకోలేకపోయింది కాబట్టి, ఆడించినదాన్ని మూటగట్టి ఏలియా పెరట్లోకి తీసుకుపోయాడు. అక్కడ చెరిగి పెంకు పోగొట్టాడు. జల్లెడ పట్టాడు. ముక్కలు కిందికి రాలాయి. జల్లెడలో మిగిలిన గుండు అతని గుప్పిట్లో పట్టింది.

రెండు గిన్నెల్లో తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె చూసింది. కొంగు తీసి కుడి చేయి మీద కప్పుకుంది.

"తీసెయ్యి," అంది.

"మొదటి దినం గదా. గట్లనే ఉంటది."

"తీసెయ్యి స్తుతి బాపూ."

ఆ రోజు ఆమె తినలేదు. మరునాడు ముద్దలు కలిపి పెడితే రెండు తిని చాలంది. డాక్టర్ పిసకమని ఇచ్చిన రబ్బరు బంతి మంచం కిందికి దొర్లిపోతే తియ్యమని అడగలేదు. పాస్టర్ ప్రేమ్‌చంద్ అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తే ఆమేన్ అనలేదు. అయ్యగారు చెప్పులేసుకుంటూ ఏలియాను వాకిట్లోకి పిలిచి, "మనిషి లోపల జారిపోతుంది ఏలియా, జర కనిపెట్టుకుని ఉండు," అన్నారు.

మరునాడు ఏలియా వాగు దాటి కిష్టవ్వ ఇంటికి పోయాడు. కిష్టవ్వ మొగుడు పోయిన మనిషి. రిబ్కమ్మ దగ్గరే పని నేర్చుకుంది. ఏలియా పోయేసరికి అరుగు మీద కూర్చుని పప్పు చెరుగుతోంది.

"గుండుపప్పు ఉన్నదా కిష్టవ్వా?"

"ఉన్నది. పాయసమా అన్నా? మా అక్క లేచి తిరుగుతుందా?"

"నేను కొంట. ముత్యం సేటు ఇచ్చే ధరకే."

కిష్టవ్వ చాట దించింది. "ఏంది, ముత్యం సేటు ఎదురుంగ కొట్టు పెడ్తున్నవా?"

ఏలియా అరుగు మీద కూర్చుని సంగతి చెప్పాడు. పెరట్లో చెరిగేది తానే కాబట్టి, ముక్కలు తీసేసి కిష్టవ్వ గుండు కలిపి లోపలికి తీసుకుపోతే రిబ్కమ్మకు తెలియదు. ఆమె చెయ్యి మీద ఆమెకు ధైర్యం వస్తుంది.

కిష్టవ్వ అంతా విని, "చర్చిల పెద్దమనిషివి. పళ్లెం పట్టేటోనివి. గీ మోసం పని నీకెవలు నేర్పిండ్రే అన్నా?" అంది.

"ఎవలూ నేర్పలే. ఇస్తవా, ఇయ్యవా?"

"ఇయ్యకేం చేస్త. మా అక్క తినకపోతే నాకు బువ్వ పోతదా." లోపలికి పోయి సంచి తెచ్చింది. "నా పప్పు తీస్కపోతే ముత్యం సేటు ఎప్పుడు మొహం ముడుసుడే. ఇగ మా అక్క పేరు మీద పోతే డబ్బాల పోసుకుంటడు. సూడు, గీ పనిల నాకే లాభం."

నవ్వింది. ఏలియా సంచి తీసుకుని లేచేటప్పుడు మళ్లీ అంది. "ఎన్ని దినాలు చేస్తవన్నా?"

"చెయ్యి వచ్చేదాక."

రిబ్కమ్మను మళ్లీ ఇసుర్రాయి ముందు కూర్చోబెట్టడానికి రెండు రోజులు బతిమాలాడు. కూర్చుంది. మూట పెరట్లోకి పోయింది. కొట్టం చాటున సంచి విప్పి ఏలియా కలపాల్సింది కలిపాడు. మొత్తం గుండే పెడితే అనుమానం వస్తుందని ముక్కలు కూడా కొన్ని వేరే గిన్నెలో పెట్టాడు. లోపలికి తెచ్చాడు.

రిబ్కమ్మ గుండు గిన్నెలో ఎడమ చేయి పెట్టి కలియబెట్టింది. పిడికెడు తీసుకుని కిటికీ దగ్గరికి పోయి చూసింది.

"ఇయ్యన్ని నేను ఇసిరినయేనా?"

"ఇంకెవలు ఇసిరిండ్రు మనింట్ల?"

ఆమె నవ్వింది. మూతి కుడి పక్క ఇంకా సరిగా లేవడం లేదు. ఆ పూట పళ్లెం ముందు కూర్చుని తన చేత్తోనే తింది. మెతుకులు కింద పడితే ఏరి మళ్లీ పళ్లెంలో వేసుకుంది.

అట్లా సాగింది. రిబ్కమ్మ పొద్దున ఆడిస్తుంది. ఏలియా పెరట్లో చెరుగుతాడు. కిష్టవ్వ సంచి కొట్టంలో, గడ్డి కింద. ముక్కలను ముత్యం సేటుకు చూపించకుండా నిర్మల్ తీసుకుపోయి ఒక హోటలుకు వేసేవాడు. ముత్యం సేటు ఇచ్చిన డబ్బు రిబ్కమ్మ చేతిలో పెట్టేవాడు కాబట్టి, కిష్టవ్వకు ఇచ్చేదాంట్లో ముక్కల డబ్బు చాలని మేరకు తన జేబులోంచి పోయింది. ఆ సంగతి అతన్ని పెద్దగా బాధించలేదు. భార్య చీర తానే కట్టుకుంటోంది. స్త్రీల సమాజం ప్రార్థనకు నడిచి పోతోంది. స్తుతితో ఫోన్లో, "నా చెయ్యి నాకొచ్చింది బిడ్డా, ఫికర్ చెయ్యకు," అని చెబుతోంది.

గుండు సంచి చూసి ముత్యం సేటు, "ఇగో, రిబ్కమ్మ చెయ్యి మళ్లొచ్చింది," అన్నాడు. ఏలియా ఇంటికి వచ్చి ఆ మాట ఆమెకు చెప్పాడు. చెప్పాక, చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాడు. ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.

అక్టోబరులో అతనికి ఒక సంగతి కనిపించింది. పెరట్లో జల్లెడ పట్టినప్పుడు గుండు గుప్పిట్లో పట్టడం లేదు. చిన్న గిన్నె కావాల్సి వచ్చింది. ఆ రోజు గింజలు మంచివి పడ్డాయేమో అనుకున్నాడు. మరుసటి వారం ఇంకాస్త ఎక్కువ. కిష్టవ్వ సంచి నుంచి కలిపేది ఆ మేరకు తగ్గించాడు. నవంబరు వచ్చేసరికి లోపలికి తెచ్చే గిన్నెలో సగం రిబ్కమ్మ ఆడించినదే.

ఏలియా జల్లెడ చేతిలో పట్టుకుని పెరట్లో నిలబడి ఆ గుండును చూసేవాడు. నిజంగానే వస్తోంది. ఇంట్లోకి పరుగెత్తి ఈ మాట చెప్పాలనిపించేది. ఏమని చెప్పాలి? ఇవాళ నీవి ఎక్కువ వచ్చాయంటే, నిన్నటివి ఎవరివి అని అడుగుతుంది. అతను ఒక లెక్కకు వచ్చాడు. ఇట్లాగే తగ్గిస్తూ పోతాడు. ఇంకొక నెలో రెండు నెలలో కిష్టవ్వ పప్పు అక్కరలేని రోజు వస్తుంది. ఆ రోజు నుంచి అబద్ధం ఉండదు. ఉండేదని ఎవరికీ తెలియదు.

ఆ రోజు కంటే ముందు కోత పండుగ వచ్చింది.

కోత పండుగ ఆదివారం సంఘంలోని వాళ్లంతా తమ తమ మొదటి పంట తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. వరి, మక్కలు, పసుపు, గుమ్మడికాయలు, కోళ్లు. చేతి పని వాళ్లు చేతి పని తెస్తారు. ఆరాధన అయ్యాక వాకిట్లో హర్రాజు పాడతారు. ఆ సంగతి మాట్లాడటానికి పాస్టర్ అయ్యగారు ఇంటికి వచ్చినప్పుడు రిబ్కమ్మే చాయ్ తెచ్చి ఇచ్చింది. కుడి చేత్తో ఇచ్చింది. సాసరులోకి కొంచెం ఒలికింది.

"ఈసారి నేను సాక్ష్యం చెప్త అయ్యగారు," అంది. "నా గుండుపప్పు దేవునికి పెట్టి, అందరి ముంగట చెప్త. సచ్చిన చెయ్యిని ప్రభువు లేపిండని చెప్త."

"చెప్పాలెనమ్మా. మంచి మాట." అయ్యగారు సంతోషపడ్డారు.

"ఇప్పుడే ఎందుకు," అన్నాడు ఏలియా. "ఇంక పూర్తిగ రానీ. క్రిస్మస్‌కు చెప్పు."

"ప్రభువు చేసినదానికి నువ్వు తారీఖు జరుపుతవా?" అంది రిబ్కమ్మ. "సూసిన్రా అయ్యగారు, ఈయన సంఘపెద్ద. దేవుని పనికి కూడ వాయిదాలే."

అయ్యగారు నవ్వారు. ఏలియా నవ్వడానికి చూశాడు.

అతను ఏమీ అనకుండా ఊరుకునేవాడేమో. సాక్ష్యం చెప్పేది ఆమె. ఆమెకు తెలిసినంత వరకు అది నిజం. తప్పు ఉంటే తనది, దేవుడికి ఆ లెక్క తెలుసు అని సర్దుకున్నాడు. కాని శుక్రవారం నల్లా దగ్గర ప్రిస్కిల్లా కలిసింది. ఆమె పెనిమిటి జోయల్ మస్కట్‌లో పరంజా మీది నుంచి పడి, నడుము కింద చచ్చుబడి ఇంటికి వచ్చిన మనిషి. చక్రాల కుర్చీలో ఉంటాడు.

"మామా, ఆదివారం ఆయన్ని చర్చికి తోలుకొస్తున్న," అంది ప్రిస్కిల్లా. "రిబ్కమ్మత్త సాక్ష్యం చెప్పినంక, గా చెయ్యే ఈయన మీద పెట్టి ప్రార్థన చేస్తనన్నది. ఎన్ని దినాల నుంచో మనిషి మాట్లాడకుండుండె మామా. గీ మాట చెప్పిన కాంచి బువ్వ అడిగి తింటుండు. సోమవారం నిర్మల్ల డాక్టర్ రమ్మన్నడు. ఇగ ఆ డాక్టర్లెందుకు, పోనంటుండు."

"డాక్టర్ దగ్గరికి పోవాలె," అన్నాడు ఏలియా.

"అత్తకు ఏ డాక్టర్ చేసిండు మామా?" అంది ఆమె.

ఏలియా బిందె నింపుకోకుండానే ఇంటికి వచ్చాడు.

శనివారం పొద్దున రిబ్కమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని, ఇత్తడి గిన్నెలోకి గుండుపప్పు ఏరుతోంది. రేపు బల్ల ముందు పెట్టేది అదే. పెంకు తునక ఒకటి కనిపించినా తీసి పక్కన పెడుతోంది. ఏలియా వచ్చి చాప అంచున కూర్చున్నాడు.

"రిబ్కా, రేపు సాక్ష్యం చెప్పకు."

"మళ్ల అదే మాట. ఎందుకు?"

"గా పప్పంత నీది కాదు."

ఆమెకు అర్థం కాలేదు. "ఎవలిది మరి, నీదా?" అంటూ ఏరుతూనే ఉంది.

"కిష్టవ్వది. కొన్న. కొని కలిపిన."

ఆమె వేళ్లు గిన్నెలో ఆగాయి. ఏలియా మొదటి నుంచి చెప్పాడు. ఆగస్టులో ఆమె తినకుండా పడుకున్నది, అతను వాగు దాటిపోయింది, కొట్టంలో సంచి, నిర్మల్‌లో అమ్మిన ముక్కలు. ప్రిస్కిల్లా అన్న మాట చెప్పాడు.  అతను ఆగాక రిబ్కమ్మ అడిగింది.

"కిష్టవ్వకు ఎర్కనేనా?"

"ఎర్కనే."

"ముత్యం సేటుకు?"

"ఎర్కలే."

"స్తుతికి?"

"ఎవలకు చెప్పలే రిబ్కా. కిష్టవ్వకు తప్ప."

ఆమె ఇత్తడి గిన్నె వంచి పప్పును చాప మీద పోసింది. అతని వైపు జరిపింది.

"ఇందుల నావి ఏరియ్యి."

ఏలియా ఆ కుప్పను చూశాడు.

"నీయి ఉన్నయి. సగం నీయే రిబ్కా. ఈ నెల సగం నీయే. దసరా అయినకాంచి నీ చెయ్యి మంచిగైతుంది. నేను రోజు జల్లెడ పడుతున్న గదా, నాకు కండ్లకు కనవడ్తుంది. కిష్టవ్వది తక్కువ చేసుకుంట వస్తున్న. ఇంక కొన్ని దినాలైతే..."

"నేను గదడగలే. నావి ఏరియ్యి. గవ్వే తీస్కపోత రేపు. పిడికెడైనా సరే."

అతను ఒక గింజను తీశాడు. ఇంకొకటి తీశాడు. రెండింటినీ అరచేతిలో పెట్టుకుని చూశాడు. రెండూ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఇంకా కొన్ని తీసి దగ్గరగా పట్టి చూశాడు. కిష్టవ్వ ఆడించిన గింజకు, రిబ్కమ్మ ఆడించిన గింజకు గుర్తు ఏమీ లేదు. పగలని పప్పు మీద ఎవరి చేయీ కనిపించదు. అతను ఏరుతూ పోయాడు, ఏరుతున్నట్టు కనిపించాలని. కాసేపటికి అతని వేళ్లు ఆగిపోయాయి.

"నాకు దొరుకుతలేవు," అన్నాడు.

రిబ్కమ్మ లేచింది. గోడ పట్టుకుని లోపలికి పోయింది. ఇసుర్రాయి చుట్టూ తానే బట్ట పరుచుకుంది. ఏలియా వెంట వెళ్లి గింజల గంప అందించబోతే, "నువ్వు అక్కడ్నే ఉండు," అంది. కూర్చుంది. కొయ్య పట్టుకుంది.

ఇన్ని నెలలూ ఆమె తిప్పుతుంటే ఏలియా చూశాడు. తిప్పేటప్పుడు వాకిట్లో పోయేవాళ్లతో మాట్లాడేది. పాట పాడుకునేది. చేతిని చూసేది కాదు. ఇప్పుడు చేతినే చూస్తూ తిప్పింది. రెండు చుట్లు తిప్పి ఆగి, అంచున రాలినది వంగి చూసింది. మళ్లీ తిప్పింది. భుజం బిగిసింది. చేయి వణికింది. వణుకు ఆపడానికి అదిమింది. రాయి కింద గింజలు నలిగిన చప్పుడు ఏలియాకు దర్వాజా దగ్గరికి వినిపించింది.

"రిబ్కా, ఇయ్యాల వద్దు. మనసు మంచిగ లేదు. ఎవలు తిప్పినా గట్లనే అయితది."

ఆమె ఆపలేదు. గంపలో సగం అయ్యాక బట్టను ఒక చేత్తో లాగింది. చాట ఎత్తబోయింది. కుడి చేయి పట్టు దొరకలేదు, చాట ఒరిగి పెంకులు ఒళ్లో పడ్డాయి. కింద కూర్చునే వేలితో పెంకులు పక్కకు తోసింది. పప్పు బయటపడింది. ముక్కలు. వాటిని ఇటూ అటూ కదిపి చూసింది. గుండు ఉందేమోనని ఏలియా కూడా నిలబడిన చోటి నుంచే చూశాడు. మూడో నాలుగో ఉన్నాయి.

"చూసినవా," అంది.

"నిన్నటిదాక వస్తుండె. ఒట్టు."

"ఎవల మీద ఒట్టు?"

 ఆమె ఆ ముక్కలను ఇత్తడి గిన్నెలోకి ఎత్తుకుంది. చాప మీది గుండు చాప మీదే ఉంది. తర్వాత ఏలియా దాన్ని సంచిలో పోసి కిష్టవ్వ ఇంటికి తీసుకుపోయాడు. కిష్టవ్వ సంచి చూసి, అతని ముఖం చూసి, లోపల పెట్టుకుంది.

ఆదివారం చర్చి నిండింది. బల్ల ముందు వరి కట్టలు, మక్క కంకులు. కాళ్లు కట్టిన కోళ్లు అరుస్తుంటే పాట మధ్యలో పిల్లలు నవ్వారు. ప్రిస్కిల్లా జోయల్ కుర్చీని నడిమి దారిలో, ముందు వరుస పక్కన ఆపింది. జోయల్ గడ్డం గీసుకుని, తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. ఏలియా కానుకల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అయ్యగారు రిబ్కమ్మ పేరు పిలిచారు. ఆడవాళ్ల వైపు నుంచి ఆమె లేచి, ఎడమ చేత్తో గిన్నె పట్టుకుని వచ్చింది. కుడి చేయి కొంగు కింద ఉంది. గిన్నెను బల్ల ముందు పెట్టి సంఘం వైపు తిరిగింది.

"ఇవి నిన్న నేను ఇసిరినయి," అంది. "ముక్కలు. నా చెయ్యి రాలే. వచ్చిందనుకున్న. అందరికి అట్లనే చెప్పుకుంట తిరిగిన. తప్పయింది. దేవుడు ఇయ్యనిది ఇచ్చిండని చెప్పిన. మీరు మనసుల పెట్టుకోకుండ్రి. జోయలూ, రేపు నువ్వు నిర్మల్ పో బిడ్డా."

బల్ల ముందు కోళ్లు అరిచాయి. వెనక వరుసలో ఒకామె పక్కామెతో, "మరి ముత్యం సేటుకు పోయిన గుండుపప్పు ఏడిది?" అంది. మెల్లగా అన్నది గాని ఏలియాకు వినిపించింది. అతను పళ్లెం బల్ల మీద పెట్టి ఒక అడుగు ముందుకు వేశాడు. రిబ్కమ్మ అతన్ని చూసింది. తల అడ్డంగా ఊపింది. ఇంట్లో స్తుతి పెళ్లి మాటల నాడు, పది మంది ముందు అతను తొందరపడి ఏదో ఒప్పుకోబోతే ఊపినట్టే ఊపింది. అతను ఆగిపోయాడు.

అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. అందరూ తలలు వంచారు. ఏలియా వంచలేదు. రిబ్కమ్మ జోయల్ కుర్చీ దాటి పోతుంటే ప్రిస్కిల్లా ఆమె కొంగు పట్టుకుంది.

"పెట్టత్తా," అంది ప్రిస్కిల్లా. "అయినా పెట్టు."

రిబ్కమ్మ నిలబడింది. ఎడమ చేయి జోయల్ తల మీద పెట్టింది. ఏదో చెప్పుకుంది. పెదవులు కదలడం ఏలియాకు కనిపించింది, మాట వినపడలేదు. జోయల్ కళ్లు మూసుకోలేదు. ఎదురుగా బల్ల వైపు చూస్తూ ఉన్నాడు.

హర్రాజులో ఇత్తడి గిన్నెలోని పప్పును ఎవరో ముక్క ధరకు పాడుకున్నారు. గిన్నె తిరిగి ఇచ్చేశారు.

ఇంటికి వచ్చారు. రిబ్కమ్మ గిన్నె కడిగి బోర్లించింది. ఏలియా అన్నం పెట్టుకొచ్చాడు. ఆమె తింది. ఎడమ చేత్తో, చెంచాతో తింది.

"చర్చిల నన్ను చెప్పనియ్యకపోతివి," అన్నాడు ఏలియా.

"చెప్పి ఏం చేస్తవు? రేపటికాంచి పళ్లెం ఎవల చేతికిస్తరు? నా చెయ్యి ఎట్లాగు పాయె, నీది కూడ పోవాల్నా?"

"నేను నీకోసమే చేసిన రిబ్కా."

"నాకెర్కనే. నాకోసం గాకపోతే ఎవలకోసం చేస్తవు?" ఆమె పళ్లెం పక్కకు జరిపింది. "కోపం లేదు నీ మీద. ఉంటే మంచిగుండు."

"నీ చెయ్యి నిజంగనే వస్తుండె. నేను చూసిన. పెరట్ల జల్లెడ పట్టుకుని నేనొక్కణ్నే నిలబడి చూసిన. నమ్ము."

రిబ్కమ్మ అతని వైపు చూసింది.

"వచ్చే ఉంటది," అంది. "నువ్వు అబద్ధం చెప్తలేవు. గని నాకు రావాలె గదా. గుప్పెడు వచ్చిన దినం గుప్పెడు చూసి, గిన్నెడు వచ్చిన దినం గిన్నెడు చూసి, గట్ల వస్తే నాది అనిపిస్తది. గదంత నువ్వు చూసినవు. నాకు చూపియ్యలే."

ఇసుర్రాయి మీది రాయిని తీసి గోడకు ఆనించమంది. రేపు పొద్దున చూద్దాం, ఇద్దరం కూర్చుందాం, పెరట్లోకి పోను, నీ ముందే చెరుగుతాను అని ఏలియా అన్నాడు.  ఆ మాట మళ్లీ అన్నాడు. ఆమె కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు వేలు చూపించింది.

అతను రాయిని ఎత్తాడు. దాని బరువు ఎంతో అతనికి ఇన్నేళ్లూ తెలియదు. గోడ దాకా మోసి ఆనించాడు.